కర్ఫ్యూ రోజుల్లో రెండు గదుల ఇంట్లో ఐదుగురు: రోజు గడిచేదెట్లా?

(ఈ ఉత్తరం, జవాబు 2021 మే నెల కరోనా కర్ఫ్యూ నాటివి. ఇందులోని నిబంధనలు, పథకాలు, టీకా గడువులు అప్పటివి. తిరుపతి అప్పుడు చిత్తూరు జిల్లాలో ఉండేది.)

ప్రశ్న: మాది తిరుపతి కొర్లగుంట. రెండు గదుల అద్దె ఇల్లు. అత్తయ్యకు 68 ఏళ్ళు, షుగర్ ఉంది. మా ఆయన కొండకు వచ్చే భక్తులకు కారు తిప్పుతారు. ఇప్పుడు జనం లేక బండి ఇంటి ముందే ఉంది, కంతులు కట్టాలి. పాప పదో తరగతి, బాబుకు ఆరేళ్ళు. మధ్యాహ్నం 12 దాటితే కర్ఫ్యూ. పొద్దస్తమానం టీవీలో వార్తలు, చేతుల్లో ఫోన్లు, ఒకరి మీద ఒకరు అరుపులు. రాత్రిళ్ళు నాకు నిద్ర పట్టడం లేదు. ఈ రోజులు ఎలా గడపాలి? మాలో ఎవరికైనా కరోనా వస్తే ఎక్కడ పెట్టాలి? అత్తయ్యకు కరోనా టీకా రెండో డోసు ఇంకా పడలేదు, ఆలస్యమైతే ప్రమాదమా?

సమాధానం:

అమ్మా, నేను ఏఎన్‌ఎమ్ నర్సుగా చేరి హెల్త్ సూపర్‌వైజర్‌గా రిటైరైనదాన్ని. ఉద్యోగమంతా చిత్తూరు జిల్లాలోనే గడిచింది. పోయిన ఏడాది లాక్‌డౌన్ మొదలైనప్పటి నుంచి మా చుట్టుపక్కల హోమ్ ఐసొలేషన్‌లో ఉన్న ఇళ్ళకు ఫోన్ చేసి కనుక్కోవడం, అవసరమైతే గేటు బయట నిలబడి మాట్లాడి రావడం చేస్తున్నాను. మీ ఇంట్లాంటి ఇళ్ళు ఎన్నో చూశాను. ఒకే భయాన్ని ఇంటిల్లిపాదీ పొద్దున లేచింది మొదలు పడుకునేదాకా మోసిన ఇళ్ళు త్వరగా అలిసిపోయాయి. భయానికి, డబ్బు మాటకు ఒక వేళ పెట్టుకుని, మిగతా వేళల్లో ఇంటిని ఇంటిలా నడుపుకున్నవాళ్ళు నిలదొక్కుకున్నారు. నేను చెప్పబోయేదంతా ఆ వేళ ఎలా పెట్టుకోవాలన్నదే.

ఎవరికైనా వస్తే ఎక్కడ పెట్టాలన్నది తేలకపోతే మిగతా ఏదీ చెవికెక్కదు కాబట్టి ముందు ఆ సంగతి చూద్దాం. అందరూ బాగున్నప్పుడే, ఈరోజే కూర్చుని నిర్ణయించుకోండి. రెండు గదుల్లో గాలి బాగా వచ్చే కిటికీ ఏ గదికి ఉంటే అది జబ్బు వచ్చినవాళ్ళ గది. మిగతా నలుగురూ రెండో గదిలో, వంటింట్లో సర్దుకోవాలి. ఆ కిటికీ రాత్రీ పగలూ తెరిచే ఉండాలి. మే నెల వడగాలికి మన ఊళ్ళో అందరూ కిటికీలు బిగించుకుంటారు. ఎండ పడకుండా పాత చీర వేలాడదీయండి కానీ రెక్కలు మాత్రం మూయకండి. బాత్రూమ్ ఒకటే అయితే జబ్బు మనిషి అందరికంటే చివర వెళ్ళాలి. వచ్చాక తలుపు తెరిచి కాసేపు గాలి ఆడనిచ్చి కుళాయి, గొళ్ళెం, మగ్గు బ్లీచింగ్ కలిపిన నీళ్ళతో తుడవాలి. అన్నం గడప దగ్గర పెట్టి పక్కకు వచ్చేయండి. ఇద్దరికీ మాస్కు ఉండాలి. చూసుకునే మనిషి ఒక్కరే ఉండాలి, ఆ ఒక్కరు మీ అత్తయ్య కాకూడదు.

ఇంట్లో ఒక థర్మామీటర్, ఒక పల్స్ ఆక్సీమీటర్, పారాసిటమాల్ మాత్రలు, ఒక నోటు పుస్తకం ఉంచుకోండి. ఆక్సీమీటర్ కొనే శక్తి లేకపోతే నాలుగిళ్ళవాళ్ళు కలిసి ఒకటి కొనుక్కోండి, వాడిన ప్రతిసారీ స్పిరిట్‌తో తుడవండి. గోరింటాకు, గోళ్ళ రంగు ఉన్న వేలికి పెడితే అంకె సరిగా రాదు. మీ పాపకు ఈ మాట ముందే చెప్పండి. పొద్దున, సాయంత్రం జ్వరం ఎంత, ఆక్సిజన్ ఎంత అని పుస్తకంలో రాయాలి. కూర్చున్నప్పుడు అంకె బాగానే ఉన్నా, గదిలోనే ఆరు నిమిషాలు నడిచాక మళ్ళీ చూడండి. నడక తర్వాత బాగా పడిపోతుంటే అది హెచ్చరికే. 94 కంటే తగ్గినా, మాట్లాడుతుంటే ఆయాసం వచ్చినా, ఛాతీలో నొప్పి ఉన్నా, మనిషి మాట తడబడుతున్నా రేపు చూద్దామనుకోకుండా ప్రభుత్వ హెల్ప్‌లైన్ 104కు ఫోన్ చేయండి. పడక దొరికేలోపు బోర్లా పడుకోబెట్టండి. మెడ కింద ఒక దిండు, ఛాతీ నుంచి తొడల దాకా ఒకటో రెండో, కాళ్ళ కింద రెండు. తిన్న గంట దాకా బోర్లా వద్దు. గర్భిణులు, గుండె జబ్బు ఉన్నవాళ్ళు అలా పడుకోకూడదు.

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా చెబుతున్నాను. వాట్సాప్‌లో తిరిగే మందుల చీటీ చూసి స్టెరాయిడ్ మాత్రలు మొదలుపెట్టకండి. ఆక్సిజన్ బాగున్న మనిషికి మొదటి రోజుల్లో అవి మేలు చేయకపోగా కీడు చేస్తాయి. షుగర్ ఉన్నవాళ్ళకు షుగర్ ఒక్కసారిగా పెరుగుతుంది. ఇప్పుడు అందరూ భయపడుతున్న బ్లాక్ ఫంగస్‌కు దారి తీసేవాటిలో అదుపు లేని షుగర్, ఇష్టమొచ్చినట్టు వాడిన స్టెరాయిడ్లు ముఖ్యమైనవి. మీ అత్తయ్యకు లక్షణాలు కనిపిస్తే ఇంట్లోనే ఉంచాలా వద్దా అన్నది డాక్టరు చూసి చెప్పాలి. 60 దాటి షుగర్ ఉన్నవాళ్ళ విషయంలో హోమ్ ఐసొలేషన్ నిబంధన కూడా అదే. ఇంట్లో చోటు చాలదనిపిస్తే కోవిడ్ కేర్ సెంటర్ ఉంది. పోయిన ఏడాది శ్రీనివాసం, విష్ణునివాసం లాంటి టీటీడీ వసతి గృహాలనే అలా మార్చారు కదా. అక్కడికి పోవడం నామోషీ కాదు. ఇంట్లో ఉండి తగ్గినవాళ్ళు లక్షణాలు మొదలై 10 రోజులు దాటి, చివరి మూడు రోజులు జ్వరం లేకుండా ఉంటే బయటికి రావచ్చు.

ఇదంతా ఒక కాగితం మీద రాసి గోడకు అంటించండి. ఏ గది, ఎవరు చూసుకోవాలి, ఏ నంబరుకు ఫోన్ చేయాలి, పిల్లలు ఎవరి దగ్గర ఉండాలి అన్నీ అందులో ఉండాలి. ఆ కాగితం పడ్డాక చాలా ఇళ్ళలో రాత్రి నిద్ర మెరుగుపడింది. మనసు పదే పదే అడిగే ప్రశ్నకు గోడ మీద జవాబు ఉంటుంది.

వార్తలకు సాయంత్రం అరగంట ఇవ్వండి. రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ బులెటిన్ రోజుకు ఒకసారే వస్తుంది. పొద్దుటి నుంచి టీవీలో తిప్పి తిప్పి చూపించేవి ఎక్కువగా నిన్నటి సంగతులే. జిల్లాల పట్టికలో మన చిత్తూరు పేరు పై వరుసల్లో చూసి గుండె జారిపోతుందని నాకు తెలుసు. ఆ అంకె రోజుకు ఒకసారి తెలిస్తే చాలు. పడుకునే ముందు మాత్రం చూడకండి. చనిపోయినవాళ్ళ ఫొటోలు, వీడియోలు వచ్చే గ్రూపుల చప్పుడు ఆపేయండి. బంధువుల్లో ఎవరికైనా బాగోలేదని తెలిస్తే ఆ ఇంటికి నేరుగా ఫోన్ చేసి పలకరించండి, ఏం కావాలో అడగండి. పది మంది పంపిన మెసేజీలు చదవడం కంటే ఆ ఒక్క పలకరింపు మీకూ వాళ్ళకూ ధైర్యమిస్తుంది.

ఇక డబ్బు. మీ ఉత్తరంలో నాకు ఎక్కువ దిగులు కలిగించింది ఇదే. మీ ఆయన అరుపుల వెనక ఉన్నది ఇదే అయి ఉండొచ్చు. పోయిన ఏడాది మార్చి 20 నుంచి జూన్ మొదటి వారం దాకా కొండ మీద భక్తులకు దర్శనం లేదు. జూన్ 11 నుంచి అందరినీ పరిమితంగా అనుమతించారు. ఆ నెలల్లో జీపులవాళ్ళు, లాడ్జీల్లో పనిచేసేవాళ్ళు, అలిపిరి దగ్గర టోపీలు, బొమ్మలు అమ్మేవాళ్ళు, పూలంగళ్ళవాళ్ళు ఎంత నలిగిపోయారో కళ్ళారా చూశాం. కొండ తలుపులు తెరిచి ఉన్నా ఇప్పుడు ప్రయాణాలు చేసేవాళ్ళు లేరు, కాబట్టి అదే కష్టం మళ్ళీ వచ్చింది. ఇందులో మీ ఆయన చేతకానితనం ఏమీ లేదు. ఆ మాట ఆయనకు మీ నోటితోనే వినిపించాలి. మగవాళ్ళు ఈ బాధను నోటితో చెప్పరు. అన్నంలో ఉప్పు ఎక్కువైందని విసుక్కుంటారు, పిల్లవాడి మీద చెయ్యి చేసుకుంటారు.

వారంలో ఒక్క రోజు, పిల్లలు లేనప్పుడు, మీరిద్దరూ కూర్చుని లెక్క చూసుకోండి. చేతిలో ఎంత ఉంది, ఈ నెల ఏవి కట్టక తప్పదు, ఏవి ఆపొచ్చు అని రాసుకుని, మిగతా రోజుల్లో ఆ మాట ఎత్తకండి. బండి లోను ఇచ్చినవాళ్ళు ఫోన్ చేసేదాకా ఆగకండి, మీరే ముందు వెళ్ళి మాట్లాడండి. ఈ మే 5న రిజర్వ్ బ్యాంక్ చిన్న వ్యాపారాల, వ్యక్తుల అప్పుల గడువు, వాయిదాలు మార్చి సర్దుబాటు చేసే వీలు బ్యాంకులకు ఇచ్చింది. అడిగినవాళ్ళకే అది దొరుకుతుంది, కాబట్టి అర్జీ రాసి ఇచ్చి దాని నకలు దాచుకోండి. సొంత బండి నడుపుకునేవాళ్ళకు వాహనమిత్ర కింద ఏడాదికి 10,000 రూపాయలు వస్తాయి. మీ పేరు జాబితాలో ఉందో లేదో వార్డు సచివాలయంలో చూసుకోండి. మే, జూన్ నెలలకు కేంద్రం రేషన్ కార్డులో ఒక్కో మనిషికి 5 కిలోల బియ్యం ఉచితంగా ఇస్తోంది. కరోనా వైద్యం ఆరోగ్యశ్రీలో ఉంది. కార్డు ఎక్కడుందో ఇప్పుడే వెతికి పెట్టుకోండి, అవసరం పడిన రాత్రి వెతుక్కోవాల్సిన పని ఉండదు.

ఆయనకు పని కూడా ఉండాలి. పొద్దున 6 నుంచి 12 దాకా అంగళ్ళు తెరిచి ఉంటాయి కదా, బజారు పని పూర్తిగా ఆయనకు వదిలేయండి. ఏం కొనాలో, ఎంతలో కొనాలో ఆయనే చూసుకుంటారు. మా వీధిలో ఒక కారు డ్రైవరు చుట్టుపక్కల వృద్ధులకు కావలసిన మందులు, కూరగాయలు పొద్దునపూట తెచ్చిపెడుతున్నాడు. వచ్చే డబ్బు పెద్దదేమీ కాదు, కానీ రోజూ స్నానం చేసి, చొక్కా వేసుకుని బయలుదేరుతున్నాడు. అతని భార్య నాతో, "అక్కా, ఇప్పుడు ఇంట్లో మాటా మంతీ ఉంది" అంది.

అత్తయ్య సంగతికి వద్దాం. తిరుపతిలో పెద్దవాళ్ళకు రోజంతా గుడి వేళలతోనే నడుస్తుంది. గోవిందరాజస్వామి గుడికో, సోమవారం కపిలతీర్థానికో వెళ్ళి నలుగురితో మాట్లాడి వచ్చే మనిషిని నాలుగు గోడల మధ్య కూర్చోబెడితే వేళ తెలియకుండా పోతుంది. పగలు కునుకుతారు, రాత్రి మేలుకుని దిగులుపడతారు, ఆ దిగులులో షుగర్ మాత్ర వేసుకున్నారో లేదో మరిచిపోతారు. టీటీడీ భక్తి చానల్ ఎస్వీబీసీలో వచ్చే కార్యక్రమాలతోనే ఆమె రోజును మళ్ళీ కట్టవచ్చు. మధ్యాహ్నం శ్రీవారి కల్యాణోత్సవం, సాయంత్రం సహస్రదీపాలంకరణ వస్తాయి. నాదనీరాజనం వేదిక మీద సుందరకాండ పారాయణం పోయిన ఏడాది నుంచి సాగుతూనే ఉంది. ఆ వేళలకు టీవీ ఆమెది. కల్యాణం అయ్యాక భోజనం, మాత్ర, దీపాలంకరణ అయ్యాక వరండాలో నాలుగు అడుగులు. ఇలా కలిపితే మందులూ మరిచిపోరు.

ఆమెకు ఇంకో పెద్ద పని ఉంది, పిల్లలకు కథలు చెప్పడం. రాముడు, కృష్ణుడి కథలు సరే, మన ఊరి కథ చెప్పమనండి. ఈ మే నెలలోనే కదా గంగజాతర. రెండేళ్ళుగా మునుపటిలా జనంతో, వేషాలతో జరగలేదు. మీ బాబుకు ఆరేళ్ళంటే వాడికి ఊహ తెలిసి జాతర చూసిందే లేదన్నమాట. మన గ్రామదేవత తాతయ్యగుంట గంగమ్మ, దాక్కున్న పాలెగాణ్ణి వెతుకుతూ రోజుకో వేషం ఎందుకు కట్టిందో అవ్వ చెప్పాలి. బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి అని వరుసగా రోజుకో వేషం పిల్లలతో కట్టించండి. బైరాగికి ఒంటి నిండా నామం సుద్ద, బండకు కుంకుమ, తోటికి బొగ్గు, దొరకు గంధం, వేపాకు దండ. మే నెల కాబట్టి ఎన్నిసార్లు స్నానం చేయించినా పర్లేదు. పాలెగాడి వేషం మీ ఆయనకు ఇవ్వండి. నాకు తెలిసిన ఒక ఇంట్లో ఇలాగే చేశారు. ఎనభై దాటిన పెద్దావిడ తన చిన్నప్పటి జాతర గురించి చెప్పడం మొదలుపెడితే, పెళ్ళైన ఇన్నేళ్ళలో ఎన్నడూ వినని సంగతులని కోడలే ఆశ్చర్యపోయింది. వినే చెవులు దొరికితే పెద్దవాళ్ళ ముఖంలో జీవం వస్తుంది. దానికి నా దగ్గర వేరే మందు లేదు.

ఆటలు కూడా మూడు తరాలూ కూర్చునేవి ఎంచుకోండి. పులి-మేకకు నేల మీద సుద్దముక్కతో గీత గీస్తే చాలు. 3 పులులు, 15 మేకలు, అంతే సరంజామా. పులులు మేకల మీదుగా దూకి తినాలి, మేకలు చుట్టుముట్టి పులిని కదలనీయకుండా చేయాలి. చిన్నవాడికి మేకలు ఇవ్వండి. ఓపిగ్గా కలిసికట్టుగా నడిపితే పులి చిక్కుతుందని వాడే కనిపెడతాడు. కొత్త చింతపండు కొట్టిన గింజలు ఇప్పుడు ప్రతి ఇంట్లోనూ ఉంటాయి, వాటితో వామన గుంటలు ఆడించండి. చెక్క లేకపోతే నేల మీద 14 గళ్ళు గీయండి. గింజలు లెక్కపెట్టి పంచుతూ పోతే వాడికి కూడికలు, తీసివేతలు అడక్కుండానే వస్తాయి. పరమపద సోపానం పటం ఉంటే ఇక చెప్పనక్కరలేదు. ఆటలో పెద్దవాళ్ళు కావాలని ఓడిపోవద్దు. పిల్లలకు అది తెలిసిపోతుంది.

చేతిపనులు కూడా ఆటలో భాగమే. ఈ ఎండ వడియాలకు, ఊరగాయకు మళ్ళీ దొరకదు. కాయ కొట్టడం మీ ఆయన పని, టెంక తీసి తుడవడం పిల్లల పని, ఉప్పూ కారం చూసి చెప్పడం అత్తయ్య పని. సాయంత్రం ఆకలికి ఊరికే నూనె సరుకు చేయకండి. నిప్పట్లు, మురుకులు వారానికి ఒకసారి చాలు. బొరుగులు కలుపుకోండి. పళ్ళ సీజన్ కాబట్టి బేనీషా మామిడి పండు ఇంటికి వస్తుంది, అత్తయ్య వాటా ఒక చిన్న ముక్క దాటకూడదు. రాగి సంగటి అయినా సరే ముద్ద పెద్దదైతే షుగర్ పెరుగుతుంది.

చిన్నవాడు ఏదో ఒక రోజు "అవ్వ చచ్చిపోతుందా?" అని అడుగుతాడు. అలా అడిగిన పిల్లల్ని చాలామంది కసురుతారు. కసరకండి. "అవ్వకు రాకూడదనే మనం జాగ్రత్తగా ఉన్నాం. వస్తే డాక్టరు దగ్గరికి తీసుకుపోతాం. నువ్వు చేతులు కడుక్కుని అవ్వ దగ్గరికి వెళ్ళు" అని చెప్పండి. నిజం చెప్పినట్టూ ఉంటుంది, వాడికి చేయడానికి ఒక పనీ ఉంటుంది. ఏమీ కాదని ఒట్టేసి చెప్పకండి.

పాప విషయం కాస్త సున్నితం. జూన్ 7 నుంచి పదో తరగతి పరీక్షలన్నారు, జరుగుతాయో వాయిదా పడతాయో రోజుకో మాట వినిపిస్తోంది. నిరుటి పిల్లలకు పరీక్షలే రద్దయ్యాయి, కాబట్టి ఈ పిల్లలకు చదవాలో వద్దో తేలడం లేదు. రోజంతా చదువమ్మా అని వెంటపడకండి. పొద్దున ఎండ ఎక్కకముందు రెండు గంటలు, సాయంత్రం ఒక గంట చదివితే పరీక్ష ఎప్పుడు పెట్టినా చెయ్యి తిరిగి ఉంటుంది. ఆ రెండు గంటలూ ఒక గది ఆమెకు ఇవ్వండి, ఎవరూ టీవీ పెట్టకూడదు. ఫోన్ ఆమె దగ్గర ఉంటే స్నేహితులతో మాట్లాడుకోనివ్వండి. ఆ వయసు పిల్లకు స్నేహితురాలితో అరగంట మాట అన్నంతో సమానం. రాత్రి 10 తర్వాత మాత్రం అందరి ఫోన్లూ, మీది, మీ ఆయనది కూడా, వంటింటి అలమరలో ఉండాలి. పెద్దవాళ్ళవి అక్కడ పెట్టకుండా పిల్లలవి మాత్రం లాక్కుంటే ఆ రూలు రెండు రోజులు కూడా నిలవదు.

సినిమాలు చూడొద్దని నేననను. రోజుకు ఒకటి కాకుండా వారానికి ఒకటి, అందరూ కలిసి ఒప్పుకున్నది చూడండి. ఆ రోజు కోసం పిల్లలు ఎదురుచూస్తారు. మీ ఇంట్లో అది శనివారమో ఆదివారమో మీరే తేల్చుకోండి.

ఇంత రాసిన మీ ప్రశ్నలో మీ గురించి ఉన్నది ఒక్క ముక్క, నిద్ర లేదని. ఐదుగురికీ మూడు పూటలా వండి, గిన్నెలు తోమి, అందరి కోపం భరించే మనిషికి నిద్ర పట్టకపోవడంలో ఆశ్చర్యమేమీ లేదు. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఒక గంట మీది. గిన్నెలు మీ ఆయన, పాప కడుగుతారు. ఆ గంటలో నిద్రపోతారో, ఆకాశవాణి తిరుపతి కేంద్రం పెట్టుకుని పాటలు వింటారో, మీ అమ్మతో ఫోన్‌లో మాట్లాడతారో మీ ఇష్టం. రాత్రి ఆలోచనలు తరుముతుంటే దిండు పక్కన పుస్తకం పెట్టుకుని, ఆ దిగులును రాసి పక్కన పెట్టండి. వారం లెక్కలకు కూర్చున్న రోజున చూసుకోవచ్చు. రెండు వారాలు దాటినా నిద్ర రాకపోయినా, ఊరికే ఏడుపొస్తున్నా, బతకడం దండగనిపించినా దాచుకోకండి. 104కే ఫోన్ చేసి డాక్టరుతో మాట్లాడించమని అడగండి. ఇది కూడా జ్వరంలాగే వైద్యం చేయించుకోవాల్సిన సంగతి. మీ ఆయనలో ఆ లక్షణాలు కనిపించినా అంతే.

చివరగా అత్తయ్య రెండో డోసు. వేసింది కోవిషీల్డ్ అయితే కంగారు వద్దు. రెండు డోసుల మధ్య గడువును మే 13న 12 నుంచి 16 వారాలకు పెంచారు. కోవాగ్జిన్ అయితే 4 నుంచి 6 వారాల్లో వేయించాలి. మొదటి డోసప్పుడు ఫోన్‌కు వచ్చిన మెసేజీలో టీకా పేరు, తేదీ ఉంటాయి, చూడండి. తెల్లారి నాలుగింటికి లేపి ఆమెను వరుసలో నిలబెట్టవద్దు. ఆ గుంపులోనే అంటుకునే ప్రమాదం ఎక్కువ. మీ వార్డు సచివాలయంలో ఉన్న ఏఎన్‌ఎమ్‌కు పేరు, వయసు, మొదటి డోసు తేదీ రాసి ఇవ్వండి. ఏ రోజు ఎక్కడికి రావాలో కనుక్కుని, ఆ వేళకే తీసుకెళ్ళండి. వెళ్ళేముందు టిఫిను, షుగర్ మాత్ర మానిపించకండి.